పాల దారి పటం: సంఘం పనిని కాగితం మీద గీసి చూసుకుందాం

(అరసవల్లిలో జరిగిన పాల సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ ఊరికి సూర్యనారాయణ స్వామి వల్ల పేరు వచ్చింది. ఏటా మార్చి నెలలోను, అక్టోబరు నెలలోను కొద్ది రోజులపాటు ఉదయపు కిరణాలు వాకిళ్లు దాటి లోనికి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. వాకిళ్లన్నీ ఆ వరుసకు కుదిరి ఉన్నందువల్లనే అది సాధ్యమవుతున్నది. నడుమ ఒక్క తలుపు మూసి ఉన్నా వెలుగు అక్కడే ఆగిపోతుంది. మన పాల సంగతి కూడా ఇంతే. పశువు పొదుగు దగ్గర బయలుదేరిన పాలు, తిరిగి డబ్బు రూపంలో మన చేతికి వచ్చేలోగా ఎన్నో వాకిళ్లు దాటాలి. ఆ వాకిళ్లు ఎన్ని, ఒక్కొక్క దాని దగ్గర ఎవరు ఉన్నారు, ఏ తలుపు సరిగా తెరుచుకోవడం లేదు అన్నది కాగితం మీద గీసి చూసుకోవడమే ఈ రోజు మేము మీతో మాట్లాడదలచిన విషయం.

తగువు మనుషుల మీద, లోపం దారిలో

ఏ సంఘానికి వెళ్లినా మూడు ఫిర్యాదులు వినబడతాయి. ఒకటి, "నిన్న వెన్న 6.5 వచ్చింది, ఈ రోజు 6 వచ్చింది, అదే గేదె, అదే దాణా, ఎలా తగ్గింది?" అన్నది. రెండవది, "పాలు పులిశాయని శీతల కేంద్రం నుంచి చీటీ వచ్చింది, మేము పోసినప్పుడు బాగానే ఉన్నాయి" అన్నది. మూడవది, "పక్షం దాటింది, బిల్లు రాలేదు, వచ్చిన బిల్లులో కోత ఎందుకో తెలియదు" అన్నది.

ఈ మూడింటికీ మనం సాధారణంగా చేసేది ఏమిటి? మొదటి దానికి టెస్టరును, రెండవ దానికి లారీ డ్రైవరును, మూడవ దానికి కార్యదర్శిని అంటాం. తగువు పెరుగుతుంది. కొందరు సభ్యులు మరునాటి నుంచి పాలు ప్రైవేటు వ్యాపారికి పోస్తారు. టెస్టరును మార్చినా రెండు నెలలకు మళ్లీ అదే ఫిర్యాదు వస్తుంది. అంటే లోపం మనిషిలో మాత్రమే లేదన్నమాట.

నాగావళి, వంశధార కాలువల కింద సేద్యం చేసేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. శివారు మడికి నీరు అందకపోతే మడి గట్టున నిలబడి ఎంత అరిచినా నీరు రాదు. కాలువ గట్టు పట్టుకొని ఎగువకు నడవాలి. గండి ఎక్కడ పడిందో, తూము ఎక్కడ పూడుకుపోయిందో కళ్లారా చూడాలి. పాల దారి పటం అంటే అదే నడక. కాకపోతే దానిని కాగితం మీద పెట్టి, అందరూ చూసేటట్లు చేస్తాం.

ఈ పద్ధతి ఎక్కడిది

ఒక పని మొదటి నుంచి చివరి వరకు ఏ వరుసలో జరుగుతుందో గుర్తులతో గీసి చూపే పద్ధతిని అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే దంపతులు 1921లో అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఉంచారు. 1947లో ఆ సంఘమే ఐదు గుర్తులను ప్రమాణంగా నిర్ణయించింది. తరువాత పెద్ద వ్యాపార సంస్థలు ఇంకా వివరమైన గుర్తులు తయారు చేసుకున్నాయి. అటువంటి పద్ధతి ఒకటి 2004లో వెలువడి, 2013లో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది. వాటిలో మనకు పనికివచ్చేవి కొన్నే. అవి తీసుకుంటే చాలు.

ఆహార పదార్థాల భద్రత కోసం ప్రపంచమంతటా అనుసరించే హాసప్ అనే పద్ధతి కూడా ఇటువంటి పటంతోనే మొదలవుతుంది. 1960లలో అమెరికా అంతరిక్ష యాత్రికుల ఆహారం కోసం మొదలైన ఈ పద్ధతికి, 1993లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మార్గదర్శక సూత్రాలు ఆమోదించింది. అందులో ఒక మెట్టు పటం గీయడం. ఆ వెంటనే వచ్చే మెట్టు, గీసిన పటాన్ని పని జరిగే చోటుకు తీసుకువెళ్లి, పని జరుగుతుండగా సరిచూడడం. ఈ రెండవ మెట్టును దయచేసి గుర్తుంచుకోండి. మా ప్రసంగమంతా దాని చుట్టూ తిరుగుతుంది.

మన సహకార పాడి పరిశ్రమ కూడా ఒక పాల దారిని సరిచేసుకోవడం వల్లనే పుట్టింది. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో రైతుల పాలు కాంట్రాక్టర్ల చేతుల మీదుగా పోయేవి. ధర నిర్ణయించే చోట రైతు లేడు. 1946లో రైతులు సొంత యూనియన్ పెట్టుకొని ఆ నడిమి చేతిని దారి నుంచి తప్పించారు. రోజుకు సుమారు 250 లీటర్లతో మొదలైన ఆ పని ఆనంద్ నమూనాగా దేశమంతటికీ వ్యాపించింది. మన రాష్ట్రంలో 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి కార్పొరేషన్, 1981లో సహకార సమాఖ్య ఏర్పడినవి ఆ మార్గంలోనే. దారిలో సభ్యుని కంటికి కనబడని చోటు ఉండరాదన్నదే ఆనంద్ నేర్పిన పాఠం.

ఐదు గుర్తులు, ఒక ప్రశ్న

ముగ్గు వేసే అక్కచెల్లెళ్లకు ఇది కొత్త విద్య కాదు. ముందు చుక్కలు పెట్టి, తరువాత గీత కలుపుతారు. ఒక చుక్క తప్పితే ముగ్గు కుదరదు. ఇక్కడ చుక్కలకు బదులు ఈ గుర్తులు వాడతాం.

గుండ్రం అంటే పని: పితకడం, తూచడం, పుస్తకంలో రాయడం.
బాణం అంటే ఒకచోటి నుంచి మరొక చోటికి పోవడం.
నలుచదరం అంటే తనిఖీ: లాక్టోమీటరు చూడడం, వెన్న శాతం చూడడం.
అర్ధచంద్రం అంటే ఊరకే ఆగి ఉండడం.
తలకిందులు త్రిభుజం అంటే నిల్వ: చల్లని ట్యాంకులో పాలు, బీరువాలో రికార్డులు.

వీటికి తోడు ఒక ప్రశ్న గుర్తు కావాలి. నలుచదరాన్ని మూల మీద నిలబెట్టి, అందులో అవును, కాదు అని రెండు దారులు చూపాలి. "పాలు బాగున్నాయా?" అన్నది అటువంటి ప్రశ్న. బాగుంటే క్యానులోకి పోతాయి. బాగులేకపోతే ఎక్కడికి పోతాయి? చాలా సంఘాలలో ఈ రెండవ బాణానికి చివర ఉండదు. తిప్పి పంపుతారా, వేరే క్యానులో పోస్తారా, తక్కువ ధర కడతారా అన్నది ఆ పూట ఉన్నవారి ఇష్టాన్ని బట్టి నడుస్తుంది. ఒకరికి ఒక న్యాయం, మరొకరికి మరొక న్యాయం అన్న మాట పుట్టేది ఇక్కడే.

పెద్ద కాగితాన్ని పొడవునా పట్టీలుగా విడదీయండి. మొదటి పట్టీ సభ్యురాలిది, రెండవది టెస్టరుది, మూడవది కార్యదర్శిది, నాల్గవది లారీది, ఐదవది శీతల కేంద్రానిది, ఆరవది బ్యాంకుది. ఏ పని ఎవరు చేస్తే ఆ గుర్తు వారి పట్టీలో పడాలి. ఒక గుర్తు ఎవరి పట్టీలోను ఇమడకపోయినా, ఇద్దరి పట్టీలలో పడినా అక్కడ ఒక ఎర్ర చుక్క పెట్టండి. ఎవరిదీ కాని పని జరగదు. ఇద్దరిదీ అయిన పనికి ఎవరూ జవాబు చెప్పరు.

నమూనా సీసా దగ్గర

ఇక మూడు ఫిర్యాదులను పటం మీద పెట్టి చూద్దాం. మొదటిది వెన్న శాతం.

నియమాల పుస్తకంలో "నమూనా తీసి పరీక్షించవలెను" అని ఒక్క వాక్యం ఉంటుంది. గీయబోతే అది ఒక్క గుర్తు కాదు. పాలు పోయడం, తూచడం, బాగా కలపడం, గరిటెతో నమూనా తీయడం, సీసాలో పోయడం, సీసాకు సభ్యురాలి నంబరు వేయడం, సీసాలను వరుసగా పెట్టడం, పరీక్ష చేయడం, అంకె చదవడం, రిజిస్టరులో రాయడం, పాస్ పుస్తకంలో రాయడం. పదకొండు గుర్తులు. వీటిలో "బాగా కలపడం" అన్నది పటంలో ఉండి, పనిలో లేకపోతే ఏమవుతుంది? పాలు ఊరకే ఉంటే మీగడ పైకి తేలుతుంది. పైపైన ముంచితే శాతం ఎక్కువ వస్తుంది, అడుగున ముంచితే తక్కువ వస్తుంది. అదే గేదె, అదే దాణా, శాతం మాత్రం మారింది. టెస్టరు మోసం చేయలేదు, కలపలేదు.

గెర్బర్ పద్ధతిలో బ్యుటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, బాగా కలిసేలా కదిపి, యంత్రంలో తిప్పి, 65 డిగ్రీల వేడి నీటిలో ఉంచి అంకె చదవాలి. వేడి నీటి మెట్టు వదిలేసినా, తిప్పే సమయం తగ్గించినా అంకె మారుతుంది. ఇప్పుడు చాలా చోట్ల ఎలక్ట్రానిక్ యంత్రం వచ్చింది, అంకె క్షణాలలో కనబడుతుంది. దానివల్ల మెట్లు పోయాయనుకోకండి. యంత్రాన్ని ఎవరు, ఎప్పుడు కడుగుతున్నారు? దాని అంకెను గెర్బర్ అంకెతో ఎన్ని రోజులకు ఒకసారి సరిచూస్తున్నారు? ఇవి కూడా గుర్తులే. వీటికి పట్టీ చూపండి.

ఈ తేడా ఎంత విలువైనదో లెక్క వేద్దాం. రోజుకు 10 లీటర్లు పోసే సభ్యురాలు పక్షంలో 150 లీటర్లు పోస్తుంది. లీటరు 1.03 కిలోల చొప్పున 154.5 కిలోలు. 6.5 శాతం అయితే అందులో వెన్న 10.04 కిలోలు. 6 శాతం అయితే 9.27 కిలోలు. తేడా సుమారు 770 గ్రాములు. కిలో వెన్నకు 700 రూపాయలు అనుకుంటే పక్షానికి 540 రూపాయలు. ఒక గరిటె తిప్పకపోవడం వల్ల ఒక ఇంటికి ఇంత తేడా రావచ్చు.

దీనికి మరొక ముఖం ఉంది. సంఘం సభ్యులకు తన పరీక్షను బట్టి చెల్లిస్తుంది. యూనియన్ సంఘానికి తన పరీక్షను బట్టి చెల్లిస్తుంది. ఈ రెండు మొత్తాలను పక్షానికి ఒకసారి పక్కపక్కన రాసి చూడాలి. సంఘానికి ఎప్పుడూ వెన్నలో పెద్ద మిగులు కనబడితే సంతోషించవద్దు. అది సభ్యుల డబ్బు కావచ్చు. ఎప్పుడూ తరుగు కనబడితే సంఘం మునిగిపోతున్నదన్నమాట. ఈ సరిచూపు ఏ పట్టీలో ఉందో మీ పటంలో వెదకండి. అలాగే పరీక్షకు తీసిన నమూనా పాలలో మిగిలినవి ఎక్కడికి పోతున్నాయి, అమ్మితే ఆ సొమ్ము ఏ పద్దులో పడుతున్నది అన్న బాణం కూడా గీయండి. చిన్న బాణమే. కాని ఊరంతా మాట్లాడుకునేది దాని గురించే.

అర్ధచంద్రాలను లెక్కపెట్టండి

రెండవది పులిసిన పాలు. ఇక్కడ ప్రతి గుర్తు పక్కన నిమిషాలు రాయాలి. పాల కూలరు లేని ఒక సంఘాన్ని ఉదాహరణకు తీసుకుందాం.

ఉదయం 5 గంటలకు మొదలుపెట్టి పితకడం 20 నిమిషాలు. పాలు ఇంట్లో ఆగి ఉండడం 40. సంఘానికి నడక 10. వరుసలో నిలబడడం 20. పరీక్ష, కొలత 5. క్యాను నిండి లారీ కోసం ఆగడం 55. లారీ ప్రయాణం 75. శీతల కేంద్రం వద్ద దింపే వరకు ఆగడం 20. మొత్తం 245 నిమిషాలు. 9 గంటల 5 నిమిషాలకు గాని పాలు చల్లబడడం మొదలుకాదు.

ఇప్పుడు అర్ధచంద్రాలను మాత్రమే కూడండి. 40, 20, 55, 20. మొత్తం 135 నిమిషాలు. అనగా పాల సమయంలో సగానికి పైగా ఏ పనీ జరగని సమయం. లారీ డ్రైవరును తిట్టాం గాని లారీ తిన్నది 75 నిమిషాలే. అనుకూలమైన వెచ్చదనంలో కొన్ని సూక్ష్మజీవులు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒకటి గంటలో 8 అవుతుంది, మూడు గంటలలో 512 అవుతుంది. చైత్ర వైశాఖాల ఎండలో పాలు ఎందుకు ఆగలేవో దీనిని బట్టి అర్థమవుతుంది.

ఈ సంఘం పెద్ద ఖర్చు పెట్టనవసరం లేదు. పితికే వేళను, సేకరణ వేళను కలిపి అరగంట ఆలస్యంగా పెట్టుకుంటే లారీ కోసం ఆగడం 55 నుంచి 25 నిమిషాలకు తగ్గుతుంది. ఇంట్లో ఆగే 40 నిమిషాలలో సగం తగ్గించుకోవడం సభ్యుల చేతిలోని పని. పశువుకు రెండు పూటల మధ్య వ్యవధి చెడకుండా సాయంత్రం వేళను కూడా తదనుగుణంగా మార్చుకోవాలి. వీధుల వారీగా వేళలు పంచుకుంటే వరుస కూడా తగ్గుతుంది. కూలరు ఉన్న సంఘాలవారు కూడా ఈ లెక్క వేయండి. మీ అర్ధచంద్రాలు కూలరుకు ముందు ఎన్ని ఉన్నాయో చూడండి.

డబ్బు తిరిగి వచ్చే దారి

మూడవది చెల్లింపు. పాలు పోయే దారిని అందరూ గీస్తారు. డబ్బు తిరిగి వచ్చే దారిని సగంలో వదిలేస్తారు. పక్షం ముగిసిన రోజు నుంచి సభ్యురాలి ఖాతాలో డబ్బు పడిన రోజు వరకు మెట్లన్నీ రాయండి: లెక్క ముగింపు, యూనియన్‌కు పంపడం, సంఘం ఖాతాకు సొమ్ము రావడం, జాబితా తయారీ, దాణా బాకీ, అప్పు వాయిదా కోత, సంతకాలు, బ్యాంకు. ఒక్కొక్క దాని పక్కన రోజులు వేయండి. రెండవ సంతకం కోసం మూడు రోజులు ఆగుతున్నట్లు తేలితే, అది పాలకవర్గం ఒక్క తీర్మానంతో సరిచేసుకోగల విషయం.

కోత అన్న గుర్తు నుంచి సభ్యురాలి పట్టీకి ఒక బాణం తప్పక ఉండాలి. ఎంత కోశారు, ఎందుకు కోశారు అన్నది డబ్బుకంటే ముందే ఆమెకు తెలియాలి. ఆ బాణం లేనిచోట నిజాయితీగా చేసిన కోత కూడా అన్యాయంగానే కనబడుతుంది.

ఎలా గీయాలి

కార్యదర్శి ఒక్కరే ఆఫీసులో కూర్చొని గీసిన పటం నియమాల పుస్తకానికి నకలు అవుతుంది. పని ఎలా జరగాలో అందులో ఉంటుంది, ఎలా జరుగుతున్నదో ఉండదు. కావున మా సూచన ఇది.

పాలకవర్గం నుంచి ఒకరు, టెస్టరు, కార్యదర్శి, పాలు పోసే సభ్యులు ఇద్దరు కలిసి కూర్చోండి. ఆ ఇద్దరిలో ఒక్కరైనా రోజూ పాలు పోసే మహిళ కావాలి. సభ్యత్వం ఇంటి యజమాని పేరున ఉండవచ్చు. కాని వరుసలో నిలబడేది, అంకె వినేది, ఇంట్లో పాలు ఎంతసేపు ఆగాయో తెలిసినది ఆమె. ఆమె లేకుండా మొదటి పట్టీ నిండదు.

మొదట పెన్సిలుతో గీయండి. మరునాడు ఉదయం ఆ కాగితం పట్టుకొని సేకరణ జరుగుతుండగా మొదటి క్యాను నుంచి చివరి క్యాను వరకు నిలబడి చూడండి. సాయంత్రం పూట కూడా చూడండి. పటానికీ పనికీ తేడా ఉన్నచోట దిద్దండి. అప్పుడే సిరాతో గీయండి. ఎర్ర చుక్కలన్నీ ఒకేసారి చెరపాలని చూడవద్దు. సభ్యుల డబ్బు ఎక్కువ పోతున్న చోటును ముందు పట్టుకోండి.

కొందరు కార్యదర్శులు "నాకు అంతా తెలుసు, పటం ఎందుకు?" అంటారు. నిజమే, వారికి తెలుసు. వారు జ్వరంతో వారం పడుకుంటే ఎవరికి తెలుసు? కొందరు టెస్టర్లు ఇది తమ తప్పులు పట్టడానికే అనుకుంటారు. వారికి మా మనవి ఏమంటే, పటం లేనంతకాలం ప్రతి తగ్గుదలకూ మీ ముఖమే చూస్తారు. పటం ఉంటే మీ పట్టీలో మీ పని సరిగా జరిగిందని వేలు పెట్టి చూపగలరు. నిజాయితీగా పనిచేసేవారికి ఇది రక్షణ.

వచ్చే మహాజన సభలోగా ప్రతి సంఘం ఒక పటం గీసి, సేకరణ గదిలో సభ్యుల కంటికి అందే ఎత్తున గోడకు అంటించాలని కోరుతున్నాము. చదువురాని సభ్యురాలు కూడా గుర్తులను బట్టి తన పాలు ఎక్కడికి పోతున్నాయో, తన డబ్బు ఎక్కడ ఆగిందో వేలితో చూపి అడగగలగాలి. అలా అడిగినప్పుడు ఆ పట్టీలో ఉన్నవారు జవాబు చెప్పాలి. పద్ధతి మారినప్పుడల్లా పటాన్ని కూడా మార్చండి, పాతబడిన పటం తప్పుదారి పట్టిస్తుంది.

కాగితాలు, పెన్సిళ్లు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. సంఘాలవారీగా కూర్చుందాం.